కాలవలో కలవకూడని నీళ్లు

మా తమ్ముడు దానియేలు ఫోను చేశాడంటే రెండే కారణాలుంటాయి. ఎవరైనా పోయి ఉండాలి, లేదా చర్చి కమిటీలో ఎవరితోనో పడకపోయి ఉండాలి. మొన్న వర్షాలు మొదలైన కొత్తలో చేసినప్పుడు ఎవరూ పోలేదని ముందే చెప్పేశాడు. "అక్కా, సర్చి ఎనక పల్లం పూడ్సీసి సిమెంటు సేయించీడానికి కమిటీ ఒప్పీసుకుంది. ఇద్దరు ముగ్గురు ముసిలోళ్లు మాత్రం మార్తమ్మగారి పల్లం కదా అని నసుగుతన్నారు. నువ్వొచ్చి సరేనని ఒక్క మాట అనీసి ఎల్లు. మామ్మ మనవరాలే సరేనంటే ఇంకెవుళూ నోరెత్తరు" అన్నాడు. వాడు ఆ కమిటీకి కార్యదర్శి. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, పూర్తిగా వినకుండా మార్కులు వేసే అలవాటు లేదు. వస్తాన్రా అన్నాను, మర్నాడు అనకాపల్లిలో బస్సెక్కి నర్సీపట్నంలో దిగాను.

ఆటోవాడు మా వీధి మొగలోనే ఆపేశాడు. లోపల మోకాలి దాకా నీళ్లు, అంతకు ముందు పడింది గట్టిగా గంట వాన. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర ఎత్తి దోపుకుని నడిచాను. తమ్ముడింట్లో ఫ్రిజ్జు ఇటుకల మీద నిలబడి ఉంది, మరదలు కృప గుమ్మంలోంచి చీపురుతో నీళ్లు తోస్తోంది. "ఏటి సేస్తాం వదినా, వానొస్తే మునుగుతాం, ఎండొస్తే ట్యాంకరు కోసం ఎదురు సూస్తాం" అంది. వాళ్ల బోరు ఆ వేసవిలోనే ఎండిపోయిందట. ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది, వెంటనే బాధ కూడా వేసింది. మేం పెరిగిన వీధి ఇదే. నీటి విషయంలో ఇన్ని కష్టాలు మాకు తెలియవు, అప్పుడు ఇంటింటికీ కుళాయి కూడా లేదు. కాఫీ తాగి నేనొక్కదాన్నే చర్చి వెనక్కి వెళ్లి ఆ పల్లం చూశాను. సగానికి సగం కుంచించుకుపోయింది. ప్లాస్టిక్ కవర్లూ, పాత పందిరి గుడ్డలూ, విరిగిన కుర్చీలూ. అయినా తడి మట్టి వాసన మాత్రం అదే వాసన, అది ముక్కుకి తగలగానే మామ్మ గుర్తొచ్చి అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను.

మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ, మార్తమ్మ. బైబిలమ్మగా పనిచేసేది. అంటే చంకలో బైబిలూ, చేతిలో నల్ల గొడుగూ పెట్టుకుని రోలుగుంట, గొలుగొండ వైపు ఊళ్లకు కాలినడకన వెళ్లి, ఆడవాళ్లని కూర్చోబెట్టి వాక్యం చెప్పి, పనిలో పనిగా పిల్లల చెవిపోటుకీ అజీర్తికీ కూడా ఏదో ఒకటి చెప్పి వచ్చే పని. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆవిడ చీర కుచ్చిళ్లకు పల్లేరుకాయలు అంటుకుని ఉండేవి. బెల్లం వండే రోజుల్లో అయితే చీరంతా కమ్మటి పాకం వాసన వేసేది. మా నాన్న ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరు, ఆయన చొక్కా ఎప్పుడూ టింక్చరు వాసన. అమ్మ ఊక పొయ్యి మీద చోడి అంబలి కాస్తుంటే ఇంట్లో ఈ మూడు వాసనలూ కలిసిపోయేవి. రాత్రి భోజనానికి ముందు మామ్మ ప్రార్థన. అది కంచాల ముందు కూర్చున్నాకే మొదలయ్యేది. మన్యంలో మలేరియా తగ్గాలని మొదలుపెట్టి, పాలకులకు జ్ఞానం కలగాలని కోరి, మా వీధిలో ప్రతి ఇంటినీ పేరు పేరునా తలచుకుని, చివరకు నూతిలో నీళ్ల దగ్గర ఆపేది. అంబలి చల్లారిపోయేది. తమ్ముడు మధ్యలో కన్ను తెరిస్తే, ఆవిడ కళ్లు మూసుకునే వాడి తొడ మీద గిల్లేది. ఎలా తెలిసేదో మాకు ఇప్పటికీ అంతు చిక్కదు.

మా సంఘంలో బాప్తిస్మం అంటే నుదుటి మీద నాలుగు చుక్కలు చల్లడం కాదు, మనిషిని నిలువునా నీళ్లలో ముంచి లేపడం. అందుకు చర్చి పక్కనే మెట్లు దిగే సిమెంటు తొట్టి ఒకటి ఉండేది. అంత తొట్టి చేదలతో తోడి నింపితే నూతి అడుగు కనిపిస్తుంది. అందుకని పెద్దలు దానికి వాననే నమ్ముకున్నారు. చర్చి పెంకు కప్పు అంచుల వెంట రేకు దోనెలు, వాటి చివర గొట్టం, ఆ గొట్టం తొట్టిలోకి. మొదటి వాన నీళ్లు తొట్టిలోకి రానిచ్చేవారు కాదు, పెంకుల మీద ఏడాదంతా కాకులు చేసిన ఘనకార్యమంతా అందులో ఉంటుంది కదా. గొట్టాన్ని పక్కకు తిప్పి ఆ నీళ్లు మొక్కలకు వదిలి, కప్పు శుభ్రంగా కడిగిందనుకున్నాకే తొట్టికి తిప్పేవారు. అలా నిండిన తొట్టిలో వానాకాలం ఆదివారాల్లో బాప్తిస్మాలు జరిగేవి. మా ఊళ్లో ఎవరైనా నిర్ణయం తీసుకున్నా మేఘం కూడా ఒప్పుకోవాలన్నమాట. తొట్టి నిండాక మనుషుల కంటే ముందు కప్పలు దిగేవి. తెల్లబట్టలు కట్టుకున్నవాళ్లు పాటలు పాడుకుంటూ వచ్చేలోగా వాటిని బకెట్లతో పట్టి బయట పడేయడం మా పిల్లల సేవ. ఎంత పట్టినా ఒకటి మిగిలేది. ఒక పెద్దమనిషి పాపాలు ఒప్పుకుంటూ ఉండగా ఆయన భుజం మీదకు ఎక్కి కూర్చున్న కప్పను తలచుకుంటే నాకు ఈ వయసులో కూడా ఆరాధనలో నవ్వు ఆగదు.

అసలు కథ బాప్తిస్మాలు అయిపోయాక మొదలవుతుంది. తొట్టి అడుగున ఉన్న చెక్క బిరడా తీస్తే ఆ నీళ్లు తిన్నగా వీధి కాలవలోకి పోయేలా కట్టారు. మామ్మ దానికి ఒప్పుకోలేదు. మనుషులు తమ పాత బతుకుని వదిలి లేచిన నీళ్లు, వాటిని పదిమంది ఎంగిళ్లూ పశువుల పేడా పారే కాలవలో కలపడమేమిటని ఆవిడ పట్టు. పార పట్టుకుని తొట్టి దగ్గర్నుంచి చర్చి వెనక పల్లం దాకా తనే ఒక చిన్న బోదె తవ్వింది. సంతకు విస్తళ్లు కుట్టే అడ్డాకులూ చీపుళ్లూ తెచ్చే కొండవాళ్లు మా చర్చి నూతి దగ్గర ఆగి నీళ్లు తాగి వెళ్లేవారు. వాళ్లలో ఒకామె, కొండ చీపురు గడ్డి దుబ్బులు వేరుతో సహా తెచ్చి, "అమ్మా, గట్టు మీద ఇది నాటుకో, మట్టి జారదు" అని ఇచ్చింది. మామ్మ నాటింది. వానకు కప్పు నీళ్లు, తొట్టి పొర్లిన నీళ్లు, బాప్తిస్మం నీళ్లు, చుట్టుపక్కల పెరళ్ల నీళ్లు అన్నీ ఆ పల్లంలోకి చేరి, రెండు మూడు రోజులు నిలిచి, చప్పుడు లేకుండా లోపలికి దిగిపోయేవి.

మామ్మ పట్టులో సిద్ధాంతపరంగా పెద్ద తప్పు ఉంది. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, చాలా చదువుకున్నాయన, ఓర్పు గలాయన. ఆయన మా అరుగు మీద కూర్చుని మామ్మకు నెమ్మదిగా చెప్పేవారు. "మార్తమ్మగారూ, నీళ్లలో ఏ మహిమా లేదండి. అవి మామూలు నీళ్లు. ఉన్నదంతా విశ్వాసంలో ఉంది."

"అవునండి అయ్యగారూ. నీళ్లల్లో ఏటీ నేదండి."

"మరి కాలవలోకి వదిలితే తప్పేముంది?"

"తప్పేటీ నేదండి. అయినా కలవనివ్వనండి."

అయ్యగారు కాఫీ తాగి వెళ్లిపోయేవారు. మళ్లీ ఏడాది మళ్లీ ఇదే పాఠం. ఊరూరా తిరిగి ఇతరుల మూఢనమ్మకాలు పోగొట్టే బైబిలమ్మకి ఇంట్లో ఈ ఒక్క మూఢనమ్మకం ఉండిపోయిందని సంఘంలో అందరూ నవ్వుకునేవారు. మా నాన్న మాత్రం నవ్వేవారు కాదు, ఆయనకు తలవంపులుగా ఉండేది.

ఎందుకంటే ఆయన అప్పటికి సంఘ పెద్ద అయ్యారు. ఏటా చర్చిలో జరిగే మహాసభలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని జనం వస్తున్నారు, పందిరికి చోటు చాలడం లేదు. పల్లం పూడ్చి నేల చదును చేస్తే చర్చి వెనకంతా ఒకే పందిరి వేయొచ్చు. పెద్దలంతా తీర్మానించారు, తీర్మానం ఇంటికి తెచ్చే పని నాన్న మీద పడింది. ఆయన భోజనం దగ్గర చెప్పారు. మామ్మ ఏమీ అనలేదు. ప్రార్థనలో కూడా దాని ఊసెత్తలేదు. అమ్మ మాత్రం వంటింట్లో నాతో, "మీ మామ్మ మాటాడకపోతేనే నాకు భయమే" అంది. అమ్మ భయం నిజమైంది. మర్నాడు మట్టి బళ్లు వచ్చేసరికి మామ్మ తన నులక మంచం పల్లం నడిబొడ్డున వేయించుకుని, గొడుగు విప్పి పట్టుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేసవి ఎండ. పల్లం పొడిగా ఉంది. బండివాళ్లు ఎడ్లను ఆపి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముసలమ్మ నెత్తిన మట్టి పోయడానికి ఎవరికి చేతులొస్తాయి?

వీధంతా చేరింది. కొందరు నవ్వుతూ, కొందరు బతిమాలుతూ. అయ్యగారు వచ్చి ఈసారి పాఠం చెప్పలేదు, "ఎండ దెబ్బ తగులుతుందండి, లోపలికి రండి" అని మాత్రం అన్నారు. మామ్మ ఆయనకు నమస్కారం పెట్టి కదలలేదు. చివరకు డ్యూటీ మధ్యలో నాన్న వచ్చారు. ఆయన కోపం మాకు తెలుసు. నేనూ తమ్ముడూ గట్టు మీద చీపురు దుబ్బుల చాటున నిలబడి చూస్తున్నాం. నాన్న పల్లంలోకి దిగి, "అమ్మా, లే. పదిమందిలో నా పరువు తీస్తన్నావు" అన్నారు.

మామ్మ గొడుగు కొంచెం పక్కకు జరిపి ఆయనకూ నీడ చేసింది. "కూకోరా బాబూ" అంది. ఆయన కూర్చోలేదు. "నీకు గేపకం ఉండదు, నువ్వు సంకలో పిల్లడివి. మీ అన్న ఆ తొట్టిలోనే మునిగి లేసేడు. లేసి, అమ్మా సలేస్తంది అన్నాడు. ఆ వానాకాలం ఎల్లకుండానే జరం తగిలి ఎల్లిపోనాడు. ఆడి బట్టల్లేవు, ఆడి బొమ్మ నేదు. ఆడు మునిగిన నీళ్లని నేనే ఇక్కడికి నడిపించి తెచ్చేను. ఇక్కడే ఇంకిపోనాయి. అయ్యగారు సెప్పింది నాకు తెలుసు, నీళ్లల్లో ఏటీ నేదు. ఆడైతే ఉన్నాడు కదరా."

నాకు ఒక పెదనాన్న ఉండేవాడని నేను విన్నది అప్పుడే. నాన్నకు తెలిసే ఉంటుంది, కానీ ఇలా ఎప్పుడూ విని ఉండరు. ఆయన అలా నిలబడి నిలబడి, చివరకు మంచం కోడు మీద చెయ్యి వేసి మామ్మ పక్కన కూర్చున్నారు. ఇద్దరూ ఒకే గొడుగు కింద. తర్వాత ఆయన లేచి బండివాళ్లతో, "మట్టి బయట రోడ్డు గోతుల్లో పోసీండి" అన్నారు. ఆ ఏడాది మహాసభల పందిరి పల్లం చుట్టూ లాడం ఆకారంలో వేశారు. ప్రసంగానికి వచ్చిన పెద్దాయన కుడివైపు జనానికి ఒక మాట, ఎడమవైపు జనానికి ఒక మాట చెప్పి, మధ్యలో చీపురు గడ్డికి కూడా సువార్త ప్రకటించాల్సి వచ్చింది.

తర్వాతి ఏడాది వానలు మొహం చాటేశాయి. రావికమతం వైపు చెరువులు బీటలు వారాయని డాక్టరుగారి దగ్గరకు వచ్చిన రోగులు చెప్పేవారు. మా చుట్టుపక్కల వీధుల్లో నూతులు బురద పట్టాయి. మా చర్చి నూతిలో మాత్రం నీళ్లు చేద మునిగేంత ఉండేవి, పొద్దున్న తోడితే మధ్యాహ్నానికి మళ్లీ ఊరేవి. ఈ వీధివాళ్లూ ఆ వీధివాళ్లూ అని లేకుండా బిందెలు వరస కట్టాయి. మామ్మ తన ప్రార్థన ఫలించిందంది. అయ్యగారు దేవుని కృప అన్నారు. పల్లం వల్లేమో అని ఎవరూ అనలేదు, బహుశా ఎవరికీ తట్టలేదు. నాన్న మాత్రం డ్యూటీ నుంచి రాగానే చొక్కా విప్పి నూతి గిలక దగ్గర నిలబడి చేతకాని ముసలివాళ్లందరికీ ఆయనే తోడి పోసేవారు. ఆ మరుసటి ఎండాకాలం నుంచీ చర్చి కప్పు మీద దోనెల్లో ఆకులు తీయడం ఎవరూ చెప్పకుండానే ఆయన పనైపోయింది. క్షమించమని మా ఇళ్లలో నోటితో అడిగే అలవాటు లేదు, ఇలా నిచ్చెనెక్కి అడుగుతాం.

ఇవన్నీ తలచుకుంటూ నేను ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచి చూస్తే ఇప్పటి చర్చికి పెంకులు లేవు, శ్లాబు ఉంది. దాని మీది నీళ్లన్నీ లావుపాటి ప్లాస్టిక్ గొట్టంలోంచి తిన్నగా వీధిలో పడుతున్నాయి. నూతి మీద పలక వేసి పూలకుండీలు పెట్టారు. తొట్టి బదులు లోపల నీలం పలకలు పరచిన అందమైన చోటు కట్టారు, దానికి బోరు నీళ్లు. నాకు కొత్తవాటి మీద కోపం లేదు. శ్లాబు కురవదు, పెంకు కురిసేది. మా చిన్నప్పుడు గొప్ప, ఇప్పుడంతా పాడైపోయిందని పాడే పాట నాకు చేతకాదు, అప్పటి కలరా నాకు గుర్తుంది. కానీ వీధిలో ప్రతి పెరడూ సిమెంటు చేసుకుని, ప్రతి కప్పు నీళ్లూ బయటికి తోసేసి, అందరం కలిసి ఒకరి గుమ్మంలో ఒకరం పోసుకుంటున్నాం. అది మాత్రం నిజం.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. మునిసిపాలిటీ నుంచి ఒక ఇంజనీరమ్మాయి కూడా వచ్చింది, వయసులో మా మనవరాలంత ఉంటుంది. వీధికి కొత్త కాలవ అడుగుతూ కమిటీయే అర్జీ పెట్టిందట, చూడ్డానికి వచ్చింది. దానియేలు లేచి కార్లు పెట్టుకోడానికి చోటు లేదని, బురదలో ముసలివాళ్లు జారిపడుతున్నారని, పల్లంలో దోమలు పెరుగుతున్నాయని చెప్పాడు. ఒక్కటీ అబద్ధం కాదు. ఆ తర్వాత నావైపు చూశాడు. నేను మామ్మ మంచం సంగతి చెప్పాను, గొడుగు సంగతి చెప్పాను, పెదనాన్న సంగతి కూడా చెప్పాను. అది వాడికీ కొత్తే. ఆ రోజు గట్టు మీద నా పక్కనే ఉన్నాడు గానీ, వాడికి గుర్తున్నది ఎడ్లు మాత్రమేనట. "అయినా అది మామ్మ తెలీనితనం కదా అక్కా" అన్నాడు, గొంతు అంత గట్టిగా లేదు.

"తెలియనితనమేరా. కాదనను. ఆ తెలియనితనం వల్ల ఊరంతా నీళ్లు తాగింది. తెలివొచ్చాక మనం ఫ్రిజ్జుని ఇటుకలెక్కించాం" అన్నాను.

ఎవరో నవ్వారు. ఇంజనీరమ్మాయి నవ్వలేదు. "ప్రతి వార్డులో వాన నీళ్లు నిలిచి ఇంకే నేల ఎక్కడుందో వెతుకుతున్నామండి. కాలవలు ఎంత పెద్దవి కట్టినా చాలడం లేదు. ఈ వీధికి మిగిలింది ఇదొక్కటే" అంది. "పూడిక తీసేస్తే నీళ్లు రెండు మూడు రోజుల్లో దిగిపోతాయి, దోమలు పెరిగేంత వ్యవధి ఉండదు. నడిచేచోట సందులున్న రాళ్లు పరుచుకుందాం. కార్లు ముందువైపు పెట్టుకోవచ్చు." దానియేలు ఇంకా మెత్తబడలేదు. "సరేనమ్మా, మా ఇష్టం కొద్దీ పూడ్సీసేమనుకో. ఆ నీళ్లు ఎటు పోతాయంటావు?" అన్నాడు, వాదనలో తనే గెలిచినట్టు.

ఆ అమ్మాయి కిటికీలోంచి నేల వాలు చూసి, వేలు పెట్టి చూపించింది. "ఆ పచ్చగేటు ఇంట్లోకండి."

అది మా తమ్ముడి ఇల్లు. కమిటీ అంతా ఒక్కసారి ఘొల్లుమంది. ముందు వాడి చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత వాడూ నవ్వేశాడు. నవ్వి, కళ్లు తుడుచుకుని, తీర్మానం కొట్టేయమన్నాడు. కళ్లు తుడుచుకున్నది నవ్వొచ్చి మాత్రమే కాదు, అది నాకూ వాడికీ తెలుసు.

నేను వెళ్లాల్సిన బస్సులు వెళ్లిపోతూనే ఉన్నాయి, నేను ఆ వారమంతా ఉండిపోయాను. కుర్రాళ్లు చెత్త తీశారు, కూలీలు పూడిక తీశారు, శ్లాబు గొట్టాన్ని వీధివైపు నుంచి పల్లంవైపు తిప్పారు. కృప అందరికీ టీలు మోసింది. వారం చివర్లో మధ్యాహ్నం ఆకాశం నల్లబడి వాన అందుకుంది. నేనూ దానియేలూ చర్చి వెనక అరుగు మీద నిలబడి చూస్తున్నాం. చర్చి కప్పు మీది నీళ్లు ధారగా పల్లంలోకి దూకుతున్నాయి. తమ్ముడి గుమ్మం ముందు నీళ్లు గడప కిందే ఆగాయి. నాకు మామ్మ మీద, నాన్న మీద, ఆ పాఠం చెప్పీ చెప్పీ ఓడిపోయిన అయ్యగారి మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. వాళ్లు తప్పో ఒప్పో ఒకటి పట్టుకుని మాకోసం నేల మిగిల్చారు.

అంతలో గోడ అవతల నుంచి సత్తెమ్మ పిలిచింది. వాళ్లకు వీధిలో కిరాణా కొట్టు ఉంది. తల మీద గోనె సంచి కప్పుకుని, తటపటాయిస్తూ నిలబడింది. "బాబుగోరూ, మా డాబా గొట్టం కూడా ఇటు తిప్పుకోవచ్చేటండి? మరి మీ బాప్తిస్మాల సోటు కదా. మేం సాయిబాబాకి దణ్ణం ఎట్టుకున్నోళ్లం. మా నీళ్లు ఒగ్గితే మీకు దోసం కాదు గదా?"

దానియేలు నావైపు చూడలేదు. "కప్పు మీద పడ్డ వానకి దేవుడి పేరు రాసుంటదేటమ్మా? బేగి ఒగ్గీండి, కొట్లోకి నీళ్లొచ్చీగలవు" అన్నాడు.

ఆమె గొట్టం గోడ మీంచి ఇటు తిప్పింది. ఆ నీళ్లు జోరుగా పడి గట్టు మట్టిని కోసేస్తున్నాయి. మామ్మ ఉంటే ఒక్క క్షణం మూతి ముడిచేది, నాకు తెలుసు. ఆ తర్వాత గట్టు కోసుకుపోకుండా ఆవిడే వెళ్లి ఆ గొట్టం కింద రాయి పెట్టేది. ఆవిడ లేదు కనక వానలోకి దిగి నేనే పెట్టాను.